బాకీ అరిసెలు

పొయ్యి పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పోసి ఉంచారు. ఇత్తడి గిన్నెలో బెల్లం కుతకుతలాడుతోంది. పెరట్లో రాళ్ళ పొయ్యి, ఎండు కొబ్బరిమట్టల మంట. పొగ మీ వైపే తిరుగుతోంది, కాస్త ఇవతలికి జరగండి. అమ్మమ్మ గరిటె అంచు నుంచి రెండు చుక్కల పాకం నీళ్ళలో వేసి, చూపుడు వేలితో దగ్గరికి నెట్టింది. జారిపోయింది.

"లేతగా ఉందే. ఇంకొక్క పొంగు రానీ."

మళ్ళీ వేసింది. ఈసారి చుక్క మెత్తగా ఉండకట్టి వేళ్ళ మధ్య నిలిచింది. అంతే, ఒక్కసారిగా హడావిడి మొదలైంది. గిన్నె దింపారు. తడిబియ్యప్పిండిని ఒకరు దోసిళ్ళతో పోస్తుంటే, ఇంకొకరు రెండు చేతులా తెడ్డు పట్టుకుని కలుపుతున్నారు. పిండి ఆరిపోతే అరిసె బిరుసెక్కుతుందని, మర పట్టించి తెచ్చిన దగ్గర్నుంచీ దాన్ని అదిమి, తడిగుడ్డ కప్పి కాపాడుకున్నారు. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్ళకి పని చెబుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది అర నిమిషం. ఏ పుస్తకంలో చదివినా ఆ అర నిమిషం చేతికి రాదు.

రేపు భోగి. అంబాజీపేటకి దగ్గర్లో, కాలవ గట్టునున్న ఊరిది. హైదరాబాదు నుంచి కూతురూ అల్లుడూ పొద్దున్నే దిగారు. రాత్రి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో ఇరుక్కుని, తెల్లారేసరికి రావులపాలెంలో టీ తాగి, పూతరేకుల పెట్టెలు కొనుక్కుని వచ్చారు. వాళ్ళతో పదమూడు నెలల పిల్ల. దాని పేరుతో మనకి పనిలేదు, ఈ ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవడంలేదు కూడా. బుజ్జమ్మ అంటున్నారు.

అల్లుడు పీట వాల్చుకుని, "పండక్కి చాలా ఎక్కువ చేస్తున్నారు అత్తయ్యగారూ" అన్నాడు మొహమాటంగా.

"ఇవి పండగవి కావు బాబూ. పండగవి రేపు వండుతాను. ఇవి దాని బాకీ."

బాకీ అంటే ఏమిటో కూతురికి తెలుసు. తలవంచుకుని చలిమిడి ముద్దని అరటాకు మీద ఒత్తుతోంది. పసిబిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలొస్తే పంచదార చిలకలు. చేసుకుని ఇంట్లో తినేస్తే చెల్లదు, ఇరుగూ పొరుగూ నోరు తీపి చెయ్యాలి. పిల్లల డాక్టరు గోడమీది పటంలో ఉండే మెట్లు కూడా దాదాపు ఇవే. ఆ పటంలో తిండి ఉండదు, అంతే తేడా.

బుజ్జమ్మ బోర్లా పడింది ఆఫీసు ఉన్న రోజు. తల్లి ఫోన్లో వీడియో తీసి పంపింది, తండ్రి మీటింగులో కూర్చుని చూశాడు. బొబ్బట్లు స్వీటుషాపు నుంచి వచ్చాయి, ఎదురు ఫ్లాట్ వాళ్ళకి రెండు ఇచ్చారు. వాళ్ళు ఎందుకని అడగలేదు. ఏడో నెలలో అన్నప్రాశన మాత్రం ఇక్కడే చేశారు. ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు పెట్టి పాకమంటే, పిల్ల అన్నీ దాటేసి పాయసం గిన్నెలో చెయ్యి పెట్టింది. అది ఏ వృత్తికి సంకేతమో తాతయ్య ఇప్పటికీ తేల్చలేదు. అడుగులు మాత్రం కిందటి నెల హైదరాబాదులో పడ్డాయి. సోఫా నుంచి ఫ్రిజ్ దాకా నాలుగు అడుగులు. ఆ అరిసెలే ఇప్పుడు నూనెలో తేలుతున్నాయి.

ఎర్రగా కాలిన అరిసెని తీసి, రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నొక్కుతోంది అమ్మమ్మ. నూనె ధారగా కారి మళ్ళీ మూకుట్లో పడుతోంది. నువ్వులద్దిన వైపు చిటపటలాడుతోంది. మొదటిది చల్లారనిచ్చి బుజ్జమ్మ పాదం కింద మెల్లగా ఆనించి తీసింది. రెండోది పక్కింటావిడ చేతిలో పెట్టింది.

"నడిచేసిందా అప్పుడే! ఏదీ, నడవమనండి చూద్దాం పిన్నిగారూ."

పిల్ల కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. చూడ్డానికి జనం చేరితే ఏ పిల్లా నడవదు.

తెల్లవారుజాము నాలుగు. చలికి దుప్పటి కప్పుకుని అరుగు మీద నిలబడండి. వీధి మొగలో భోగిమంట అప్పటికే నిలువెత్తు లేచింది. తాటాకులు ఫెళఫెళమంటున్నాయి. మొద్దులు, విరిగిన మంచం కోళ్ళు, పాత తలుపు చెక్క ఒకటి. కుర్రాడొకడు పాత టైరు దొర్లించుకొస్తుంటే తాతయ్య అరుగు మీంచే అరిచాడు, "అదెవడ్రా? అది వేశావంటే నిన్నే వేస్తాను!" వాడు నవ్వుతూ వెనక్కి దొర్లించుకుపోయాడు. ఈ ఒక్క అరుపు ప్రతి వీధిలో వినిపిస్తే భోగి పొద్దుట పసిపిల్లలు అంత దగ్గరు.

ధనుర్మాసం పొడుగునా ముగ్గుల్లో పెట్టిన గొబ్బెమ్మల్ని గోడకి కొట్టి పిడకలు చేశారు. నడుమ చిల్లులు పెట్టి దండ గుచ్చారు. ఆ దండ బుజ్జమ్మ మెడ దగ్గర ఒకసారి తాకించి, దాని చేత్తోనే మంటలో వేయించాలి. తండ్రి ఎత్తుకుని దగ్గరికి తీసుకెళ్ళాడు. వేడి తగలగానే పిల్ల మొహం అటు తిప్పేసింది, కానీ దండ మాత్రం వదల్లేదు. లాగితే ఏడుపు. చివరికి రెండు పిడకలు దాని గుప్పెట్లో మిగిలాయి, మిగతాది మంటలో పడింది. మంట పక్కన కాగిన నీళ్ళ బిందె ఇంటికి మోసుకొచ్చారు. నువ్వులనూనె, నలుగు, ఆ వేన్నీళ్ళు. కాళ్ళు చాపుకుని పిల్లని పడుకోబెట్టుకుని పోసేది తాతమ్మ. ఆవిడకి ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి, పిల్లని కాళ్ళమీద పెట్టగానే ఆ వణుకు ఎటు పోతుందో తెలీదు.

సాయంత్రానికి హాలు ఖాళీ చేశారు. మూల మెట్లమీద బొమ్మలకొలువు: కొండపల్లి అంబారీ ఏనుగు, తల విరిగితే అతికించిన కృష్ణుడు, ఒక ప్లాస్టిక్ జిరాఫీ. జిరాఫీ బుజ్జమ్మ వాటా. నడుమ పీట, పీట మీద పట్టుపావడా కట్టుకున్న పిల్ల. పేరంటాళ్ళు వచ్చారు, చాప మీద సర్దుకున్నారు, మీకూ ఓ మూల చోటిచ్చారు.

ఇత్తడి పళ్ళెంలోకి తొంగి చూడండి. చిన్న రేగుపళ్ళు, కొన్ని ఎర్రగా, కొన్ని ఇంకా పచ్చిగా. చెరుకు గడని వేలి కణుపంత ముక్కలు కోశారు. నానిన శనగలు, బంతిపూల రేకులు, అక్షింతలు, వీటన్నిటి మధ్య తళతళలాడే రూపాయి బిళ్ళలు. రేగుపండుకి అర్కఫలమని పేరు. సూర్యుడు ఉత్తరానికి మళ్ళే వేళకి పండేది, ఆయనకి ఇష్టమైనదని పెద్దలు చెబుతారు. బదరికావనంలో తపస్సు చేస్తున్న నరనారాయణుల మీద దేవతలు కురిపించినవి ఇవేనని ఇంకో కథ. దిష్టి పోతుందని అందరూ చెప్పే మాట. ఏ కథ నచ్చితే అది పట్టుకోండి, పోసేవాళ్ళకి మాత్రం ఎదురుగా పిల్ల ఉంటే చాలు.

ముందు తల్లి. దోసిలి నింపుకుని పిల్ల తలచుట్టూ మూడుసార్లు తిప్పి వదిలింది. పళ్ళు జుట్టులోంచి, భుజాల మీంచి దొర్లి పావడా ఒళ్ళో పడ్డాయి. బుజ్జమ్మ ఊపిరి బిగబట్టింది. కింది పెదవి బయటికొచ్చింది. ఇక ఏడుస్తుందని అందరూ అనుకుంటుండగా ఒళ్ళోని బంతి రేకు కనబడింది. తీసి, పరీక్షగా చూసి, నోట్లో పెట్టుకుంది.

"తీయవే, తీయవే!"

తల్లి వేలు పెట్టి రేకు లాగేలోపు రెండో చేతిలో శనగ. అది లాగేసరికి రేగుపండు. అమ్మమ్మ వచ్చి పిల్ల పక్కనే కూలబడి, పోస్తున్నంతసేపూ దాని గుప్పిళ్ళు రెండూ తన చేతుల్లో పట్టుకుంది. అది తెలివైన పని. ఈ వయసు పిల్లలకి చేతికందినదల్లా నోట్లోకే వెళుతుంది. రేగు గింజా, శనగా, రూపాయి బిళ్ళా మూడూ గొంతుకి అడ్డం పడేవే. ఒకావిడ ఉత్సాహంగా ఎత్తు నుంచి పోయబోతే తాతమ్మ చాపమీంచి ఆపింది, "నెమ్మదమ్మా, మాడు ఇంకా గట్టిపడలేదు దానికి." కెమెరా పెట్టుకున్న మేనమామ మాత్రం ఇంకొంచెం పైనుంచి పోయమంటున్నాడు, బిళ్ళలు మెరుస్తూ పడాలిట. ఫొటో కోసం పిల్లని పీటకి అతికించే ఈ అలవాటు నాకు మింగుడుపడదు.

చివర్న పసుపు నీళ్ళలో సున్నం కలిపారు. కళ్ళముందే నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ హారతి చూసి పిల్ల కిలకిలా నవ్వింది, అంతసేపూ ఆపుకున్న నవ్వంతా అప్పుడు బయటికొచ్చింది. ఆ తర్వాత చాప మీద దండయాత్ర. వీధిలోని పిల్లలు పళ్ళ మధ్య చిల్లర ఏరుకుంటున్నారు. "ఆ పళ్ళు తినకండర్రా, దిష్టి తీసినవి" అని ఒకరు అంటున్నా వినేవాళ్ళు లేరు. తాంబూలంలో నానిన శనగలు, అరటిపండు, ఒక్కొక్కరికీ రెండేసి బాకీ అరిసెలు.

సంక్రాంతి నాడు ఇంట్లో పని పెద్దలది. పోయినవాళ్ళ పటాల ముందు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ వడ్డించి దణ్ణం పెట్టుకుంటారు. పిల్లల వంతు పొద్దుటే అయిపోయింది. తంబుర మీటుకుంటూ, చిడతలు వాయించుకుంటూ హరిదాసు గుమ్మంలోకొచ్చి మోకాలి మీద వంగాడు. తలమీది రాగి అక్షయపాత్ర పిల్ల అందుకునే ఎత్తుకి దిగింది. తాతయ్య దాని గుప్పెట్లో బియ్యం పోసి పట్టి ఉంచితే, సగం పాత్రలో, సగం ఆయన అంగవస్త్రం మీద పడ్డాయి. ఆయన దీవించి లేచాడు. వెనకే సన్నాయి, గంగిరెద్దు. ఎద్దు తల ఊపితే బుజ్జమ్మ కూడా ఊపింది.

కనుమ నాడు మినుము తినాలంటారు, అందుకని గారెలు ఎలాగూ ఉన్నాయి. పొద్దున తొమ్మిది గంటలకి పప్పు రుబ్బడం అయింది. హాల్లోంచి బుజ్జమ్మ గోడ పట్టుకుని నడుస్తూ వీధి గుమ్మం దగ్గరికొచ్చింది. ఈ ఇంటి గడపని ఒకసారి చూడండి: జానెడు ఎత్తు టేకు దుంగ, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, నడుమ అరిగి వంపు తిరిగింది. హైదరాబాదు ఫ్లాట్లో గది గదికీ మధ్య నేలతో సమంగా రాతిపట్టీ ఉంటుంది, దాటినట్టే తెలీదు. ఆ పిల్లకి ఇది మొదటి గడప.

ముందు రెండు చేతులూ ఆనించింది. బొట్టు వేలికంటితే చూసుకుంది. ఒక మోకాలు పైకెక్కించింది, బొజ్జ గడప మీద ఆగిపోయింది, కాళ్ళు రెండూ గాల్లో. తండ్రి లేచాడు. "ఉండండి బాబూ, పట్టుకోకండి" అంది అమ్మమ్మ. చేతులకి పిండి అంటుకునే ఉంది. పిల్ల అటూ ఇటూ ఊగి, మూలిగి, తలకిందులుగా అరుగు వైపు జారింది. లేచి కూర్చుని, ఎవరైనా చూశారా అన్నట్టు వెనక్కి తిరిగింది. అందరూ చూశారు. తల్లి ఈసారి ఫోన్ తియ్యలేదు, చేతులు ఖాళీగా లేవు, చప్పట్లు కొడుతోంది. మొదటి వాయి గారెలు వీధిలోకి వెళ్ళాయి. ఈ బాకీ పుట్టిన రోజే తీరింది.

మధ్యాహ్నం అందరూ జగ్గన్నతోటకి బయల్దేరారు. గుడి ఉండదు, కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ఏడాదికోసారి ఇక్కడ కలుస్తారు. వెదురు కర్రలకి రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, వరి కంకులు, నెమలీకలు కట్టిన ప్రభల మీద వస్తారు. 2023లో ఢిల్లీ గణతంత్ర పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ తీర్థమే. గంగలకుర్రు కుర్రాళ్ళు ప్రభని భుజాన వేసుకుని కౌశిక కాలవలోకి దిగారు. నడుంలోతు నీళ్ళు, బురద, అరుపులు. ప్రభ ఒక పక్కకి ఒరిగింది, గట్టుమీది జనం "ఓ" అన్నారు, మళ్ళీ నిలబడింది. తండ్రి భుజాల మీద కూర్చున్న బుజ్జమ్మ ఆయన జుట్టు రెండు చేతులా పట్టుకుని కళ్ళు ఆర్పడంలేదు. వచ్చే ఏడాదికి ఇదేమీ గుర్తుండదు దానికి. మోస్తున్నవాళ్ళలో సగం మంది కూడా ఒకప్పుడు ఇలా భుజాలెక్కి చూసినవాళ్ళే, వాళ్ళకీ గుర్తుండదు.

ఇక మిగిలింది మాటలు. అత్త అంటోందో తాత అంటోందో అర్థంకాని ఒక్క శబ్దం ఇప్పటికి ఉంది. దాని మీద ఇంట్లో రెండు పక్షాలు. ముక్కనుమ పొద్దున కారులో అరిసెల డబ్బాతో పాటు పాత గుడ్డలో చుట్టిన మూట ఒకటి ఎక్కింది. పంచదార చిలకలు పోసే చెక్క అచ్చు అది. రెండు పలకలు, లోపల చిలక, ముక్కు దగ్గర కొద్దిగా అరిగింది. ఈసారి బాకీ పెట్టకుండా అక్కడే పోసి పంచమని అమ్మమ్మ మాట. మీ అటక మీద అలాంటి అచ్చు ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. వాడుకోకపోతే, పసిపిల్ల ఉన్న ఇంటికి ఇచ్చెయ్యండి.