దృష్టిహీనులకై గ్రంథపరిష్కరణము

అచ్చక్షరములను గుర్తించి వినిపించు యంత్రములు వెలసిన పిదప, అమెరికాదేశమందలి దృష్టిహీనులు తమకు వలసిన గ్రంథములను బుటపుటయు స్కాను చేసికొనుచుండిరి. ఒకే గ్రంథమునకై పలువురు పలుచోట్ల శ్రమపడుట వ్యర్థమని యెంచి జిమ్ ఫ్రక్టర్‌మన్ 2002 లో బుక్‌షేర్ అను గ్రంథాలయమును స్థాపించెను. స్వామ్యము గలవారి యనుమతి లేకయే యిట్టి ప్రతులను జేయుటకు, ఆ దేశపు గ్రంథస్వామ్యశాసనమునకు 1996 లోఁ జేసిన సవరణ యదివఱకే యవకాశ మొసఁగియుండెను.

స్వచ్ఛందసేవకులు గొందఱు పుటలను స్కాను చేయఁగాఁ, గొందఱు సరిచూచుచుండిరి. ఈ రెండవపని కష్టతరము. ఆంగ్లమున ఆర్, ఎన్ అను వర్ణములు దగ్గఱగా నున్నచో యంత్రము రెంటిని గలిపి యెమ్ముగాఁ జదువును. పుటశీర్షికలు వాక్యమధ్యమునఁ జొచ్చును. మన తాళపత్రలేఖకులును పకారవకారములను దాఱుమాఱు చేసినవారే. అయినను బ్రత్యంతరమును జూచి పండితుఁడు సందేహము దీర్చుకొనఁగలఁడు. చెవితోఁ జదువువాఁడు మూలపుటను జూడఁజాలఁడు. ఆతనికి సరిచూచినవాఁడే ప్రమాణము.

భారతదేశము 2012 లోఁ దన శాసనమును సవరించి, 2013 నాఁటి మరాకేష్ ఒడంబడికను 2014 లో నన్నిదేశములకంటె ముందుగా ధ్రువపఱచెను. ప్రతి చేయు హక్కు దీనిచే లభించినది. శుద్ధపాఠము మాత్రము పరిష్కర్తల యోర్పువలననే లభింపవలయును.