వడ్డాది పాపయ్య: శ్రీకాకుళం కన్న పత్రికా చిత్రకారుడు

ఉత్తరాంధ్ర చిత్రకళా చరిత్రలో విజయనగరానికి అంట్యాకుల పైడిరాజు ఎంతటివారో, శ్రీకాకుళానికి వడ్డాది పాపయ్య అంతటివారు. పైడిరాజు మద్రాసు కళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి వద్ద శిక్షణ పొందగా, 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టిన పాపయ్యకు చిత్రలేఖనం నేర్పే తండ్రి రామమూర్తే గురువు, ఇల్లే బడి. రవివర్మ చిత్రాలు చూసి వాటికి నకళ్లు గీస్తూ చెయ్యి సాధన చేసుకున్న ఆ బాలుడే పెద్దయ్యాక ‘వ.పా.’ అన్న సంతకంతో తెలుగు ఇళ్లలో అందరూ గుర్తుపట్టే చిత్రకారుడయ్యారు.

1947 జులైలో మొదలైన ‘చందమామ’కు ఆయన వేసిన ముఖచిత్రాలు, అంటే పత్రిక అట్టమీది రంగుల బొమ్మలు, పిల్లలకు పురాణపాత్రల రూపురేఖలను పరిచయం చేశాయి, చక్రపాణి నడిపిన ‘యువ’లో ఋతువులు, రాగాలు, పండుగలు, కావ్యనాయికలు ఆయన కుంచెలో స్త్రీమూర్తులయ్యాయి. రంగుల బొమ్మను అచ్చువేసేటప్పుడు దానిని పసుపు, ఎరుపు, నీలం, నలుపు సిరాలకు విడివిడి పలకలుగా చేసి ఒకదానిపై ఒకటి ముద్రిస్తారు గనుక, ఒక్క పలక వెంట్రుకవాసి జరిగినా ముఖరేఖ చెదిరిపోతుంది. పాపయ్య చిత్రాల్లో కోలకళ్లు, జడలోని పూలు, చీర కుచ్చెళ్ల మడతలు స్పష్టమైన రేఖతో నిలబడగా, వెనుకనున్న కొండలూ ఆకాశమూ నీలి, ఊదా ఛాయల్లోకి పలచబడతాయి. నాసిరకం కాగితం మీద కూడా ఆ బొమ్మ కళ తప్పకపోవడానికి ఈ పొందికే కారణమనిపిస్తుంది.

ఇదే కాలంలో అమెరికాలో నార్మన్ రాక్‌వెల్ (1894–1978) ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికకు 300కు పైగా ముఖచిత్రాలు వేశారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1941లో చెప్పిన నాలుగు స్వేచ్ఛలపై ఆయన గీసి 1943లో అచ్చయిన చిత్రాలు యుద్ధపోస్టర్లుగా లక్షల ప్రతుల్లో వెలువడ్డాయి. ఆ చిత్రాల ప్రదర్శన యుద్ధబాండ్ల రూపంలో, అంటే యుద్ధం ఖర్చుకు ప్రభుత్వం ప్రజలనుంచి తీసుకునే అప్పుగా, 13 కోట్ల డాలర్లకు మించి రాబట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేయడంతో యుద్ధం ఈ తీరాన్నీ తాకింది గాని, పాపయ్య పేరు నిలిచింది మాత్రం దేవతలనూ పల్లెపడుచులనూ గీసిన బొమ్మల వల్లనే. రాక్‌వెల్‌ను విమర్శకులు చాలాకాలం పత్రికలకు బొమ్మలేసేవాడిగానే లెక్కగట్టారు. పాపయ్య కృషిని క్యాలెండరు బొమ్మలతో జమకట్టడమూ అలాంటి అన్యాయమే, ఎందుకంటే చిత్రశాల గడప తొక్కని లక్షలాది కుటుంబాలకు నెలనెలా ఒక చిత్రాన్ని చేతికందించడం చిన్న సంగతి కాదు.

మద్రాసు పత్రికలకు బొమ్మలు వేసినా ఆయన స్థిరపడింది అనకాపల్లి పక్కనున్న కశింకోటలోనే. 1992 డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు. పత్రిక పుటనే తన ప్రదర్శనశాలగా చేసుకున్న చిత్రకారుడు గనుక, పాత ఇళ్ల అటకల మీద పసుపుబారుతున్న ‘యువ’, ‘చందమామ’ బైండు సంపుటాలను సేకరించి భద్రపరచడం శ్రీకాకుళం వాసులు ముందుగా తలకెత్తుకోవలసిన పని. పుట్టిన ఊళ్లోనే ఆ బొమ్మలను వరుసగా చూసే వీలుంటే, నలభయ్యేళ్లకు పైబడిన ఆయన కుంచె నడక ఎలా మారుతూ వచ్చిందో అప్పుడే తేటపడుతుంది.