కొలువు కోసం భాష: కోట కాలేజీ నుంచి శంషాబాద్ దాకా

2008 మార్చి 5. అంతర్జాతీయ మార్గాల్లో విమానం నడిపే పైలట్, కింద నుంచి అతనికి దారి చెప్పే కంట్రోలర్, ఇద్దరూ ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నియమం అమల్లోకి వచ్చిన రోజది. అదే నెల 23న శంషాబాద్ విమానాశ్రయంలో రాకపోకలు మొదలయ్యాయి. శంషాబాద్ దగ్గరి గగన్‌పహాడ్ పొరుగున కొత్త రన్‌వే తెరుచుకోవడం, ఆకాశంలో మాట్లాడే ఇంగ్లీషుకు ప్రపంచమంతటా పరీక్ష మొదలవడం ఒకే నెలలో జరిగాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. ఉద్యోగం కోసం భాష నేర్పే పని ఎక్కడ మొదలైందో వెతకాలనిపించింది.

ఆ నియమం వెనక మన దేశంలోనే జరిగిన ఘోరం ఉంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం గాలిలో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానానికి చెప్పిన ఎత్తు 15,000 అడుగులు. అది అంతకంటే కిందికి దిగిపోయింది. సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం కూడా ఒక కారణమని విచారణలో తేలింది. ఐకావో 2003లో పరీక్షకు రూపమిచ్చింది. ఉచ్చారణ, వాక్యనిర్మాణం, పదసంపద, ధారాళత, అర్థం చేసుకోవడం, ఎదుటివారితో సంభాషణ అని ఆరు అంశాలు, ఆరు స్థాయులు. నాలుగో స్థాయి వస్తేనే గట్టెక్కినట్టు. అయిదింటిలో ఎంత గొప్పగా చేసినా ఆరోదానిలో మూడే వస్తే, చేతికొచ్చేది మూడే. ఇందులో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. మాతృభాష యాస వినిపించడం తప్పు కాదు. అవతలివాడికి అర్థమవడానికి అది అడ్డు రాకపోతే చాలు. మన యాసను చూసి సిగ్గుపడమని పిల్లలకు నేర్పే కోచింగ్ సెంటర్లన్నీ ఈ ఒక్క నిబంధన చదవాలి.

విమానాల మరమ్మతు పుస్తకాలదీ ఇలాంటి కథే. వాటికోసం యూరప్ విమాన పరిశ్రమ 1980లలో ఒక సరళమైన ఇంగ్లీషును తయారుచేసింది. పని చెప్పే వాక్యం ఇరవై మాటలు దాటకూడదు, ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి. ఓడల వాళ్లకోసం సీస్పీక్ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. దాన్ని రూపొందించినవారిలో పీటర్ స్ట్రెవెన్స్ ఒకరు. 1964లోనే హాలిడే, మెకింటాష్‌లతో కలిసి రాసిన పుస్తకంలో, ఏ వృత్తివాళ్లు ఎలాంటి ఇంగ్లీషు వాడతారో ముందు పరిశీలించి ఆ తర్వాతే పాఠం రాయాలని వాదించినవాడాయన. విశ్వవిద్యాలయాల్లో వృత్తి ఇంగ్లీషు ఒక శాస్త్రంగా నిలదొక్కుకున్నది ఆ తరం చేతుల్లోనే.

అయితే మన దగ్గర ఈ పని అంతకు నూట యాభై ఏళ్ల ముందే, తిరగేసిన వరసలో జరిగింది. అక్కడ విద్యార్థి ఇంగ్లీషువాడు, నేర్చుకునే భాష తెలుగు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి కాలేజీ, అంటే కోట కాలేజీ, పెట్టినప్పుడు దాని వెనక ఉన్నది ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్. ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర సివిలియన్లు జిల్లాలకు పోయి శిస్తు లెక్కలు చూడాలి, ఫిర్యాదులు వినాలి. దానికి ముందు ఇక్కడి భాషల్లో పరీక్ష నెగ్గాలి. పట్టాభిరామ శాస్త్రి లాంటి పండితులు పాఠాలు చెప్పేవారు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం కాలేజీ ముద్రణాలయంలోనే అచ్చయింది. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానివని ఎల్లిస్ చూపించింది ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలోనే. దొరలు చదువుకోవడానికి రావిపాటి గురుమూర్తి శాస్త్రి విక్రమార్కుడి కథలను వచనంలో రాశారు. అంటే మన వచనానికి తొలి పాఠకుల్లో కొందరు పరీక్షకు కూర్చున్న కలెక్టరు ఉద్యోగార్థులన్నమాట.

1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు వెలగపూడి కోదండరామ పంతులు తెలుగు చెప్పారు. 1820లో బ్రౌన్ కడపకు వెళ్లాడు. బ్రౌన్ నిఘంటువు అందరికీ తెలుసు, వేమన పద్యాలను ఆయన వెలికితీసిన సంగతీ తెలుసు. నేను మాత్రం 1852లో అచ్చయిన ఆయన తెలుగు రీడరు దగ్గరే ఆగిపోతాను. అందులో పాఠాలంటే ఉత్తరాలు. ఇంటి ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు. పక్కన ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణ వివరణ. అదే ఏడు కచేరీల్లో, వ్యవహారాల్లో నలిగే మాటలకు విడిగా జిల్లా నిఘంటువు వేశాడు. పని జరిగే చోటి కాగితాన్ని తెచ్చి పాఠంగా పెట్టడం అనే సూత్రాన్ని, స్ట్రెవెన్స్ తరం పుట్టకముందే, ఆయన తన అవసరం నుంచి కనిపెట్టాడు. పాఠ్యపుస్తకం రాసే ప్రతివారూ బ్రౌన్ రీడరును ఒకసారి తిరగేయాలి.

ఎదురు దారిలో నడిచినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చిన్నతనంలోనే ఇంగ్లీషు పట్టుబడిన ఈ తెలుగువాడు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయ్యాడు. సాక్షి మాట జడ్జికి, జడ్జి మాట సాక్షికి చేర్చడం ఆయన కొలువు. 1830లో కాశీయాత్రకు బయల్దేరి, జడ్చర్ల వైపు నుంచి హైదరాబాదు చేరాడు. 

కోట కాలేజీ 1854లో మూతపడింది. ఆ తర్వాతి అరవై ఏళ్లూ ఇంగ్లీషు అంటే గుమాస్తా పరీక్ష. హైదరాబాదు మాత్రం 1918లో వేరే దారి పట్టింది. ఉస్మానియాలో బోధన ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. వైద్యం, ఇంజినీరింగు ఉర్దూలో చెప్పడానికి ఒక అనువాద విభాగమే పనిచేసింది. ఆ విభాగంతోపాటు పోయిన అనుభవం చిన్నది కాదు. శాస్త్రాన్ని సొంత భాషలో అర్థం చేసుకుని, ఇంగ్లీషును పనిముట్టుగా పట్టుకునే పద్ధతి అది. దాన్ని తెలుగులో కొనసాగించి ఉండాల్సింది. 1958లో, అదే ఉస్మానియా ప్రాంగణం పక్కన, వి. కె. గోకాక్ తొలి డైరెక్టరుగా కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలిసింది. ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) అదే. దేశమంతటా ఇంగ్లీషు ఉపాధ్యాయులను తీర్చిదిద్దిన చోటు అది.

ఇంత వారసత్వం ఉన్న ఊళ్లో ఇవాళ ఇంజినీరింగు కాలేజీల కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్‌లో సివిల్ విద్యార్థికీ, కంప్యూటర్ విద్యార్థికీ, రేపు విమానం ఇంజను విప్పబోయేవాడికీ ఒకే పాఠం. స్వీయ పరిచయం, గ్రూప్ డిస్కషన్, మాక్ ఇంటర్వ్యూ. ఇవి కొలువులో చేరేదాకా పనికొస్తాయి. చేరాక చేయాల్సిన పనికి పాఠమే లేదు. దీన్ని నేను ఒప్పుకోలేను. శంషాబాద్ కార్గోలో మందుల ఎగుమతికి ప్రత్యేకమైన జోన్ ఉంది. అక్కడ ఒక పెట్టె వెంట ఎయిర్‌వే బిల్లు, ఉష్ణోగ్రత నమోదు పత్రం, చల్లదనం తప్పితే రాయాల్సిన నివేదిక ఉంటాయి. విమాన మరమ్మతు కేంద్రంలో ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. చేసిందేమిటో, మిగిలిందేమిటో తర్వాతి షిఫ్టువాడికి రాసిపెట్టాలి. ఈ కాగితాల నమూనాలు అడిగి తెచ్చి, అక్కడ పనిచేసేవారిని నెలకొకసారి తరగతికి పిలిచి, వాళ్లు చెప్పినదాన్నే పాఠంగా రాయడానికి కొత్త సిలబస్ అక్కర్లేదు. ఆ ల్యాబ్‌కు ఇప్పటికే కేటాయించిన గంటలు చాలు.