పెన్సిల్వేనియా: మరో అడవి సీమ

అమెరికా పటంలో ఈశాన్యాన, ఇంచుమించు దీర్ఘచతురస్రంలా కనిపించే రాష్ట్రం పెన్సిల్వేనియా. అక్కడ పడమటి భాగంలో అలెఘేని, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నది అవుతాయి. ఆ సంగమం దగ్గరే ఉక్కుకు పేరుపడ్డ పిట్స్‌బర్గ్ వెలిసింది. జంషెడ్‌పూర్‌లో ఉంటున్న మీకు ఇది వింతగా తోచదు. సోనారి దగ్గర దోముహానిలో ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలవడం మీరు చూసే ఉంటారు.

పోలిక నదులతో ఆగలేదు. 1902లో అమెరికా వెళ్ళిన జంషెట్‌జీ టాటా, పిట్స్‌బర్గ్ ఇంజనీరు జూలియన్ కెన్నెడీని సంప్రదించారు. ఆయన సూచించిన చార్లెస్ పేజ్ పెరిన్ మన కర్మాగారానికి సలహాదారు అయ్యారు. 1908లో సాక్చిలో నిర్మాణం మొదలైంది, 1912లో ఉక్కు వచ్చింది. ఊరి తొలి ప్లాను గీసింది కూడా కెన్నెడీ సంస్థే.

పేరు సంగతి చూడండి. 1681లో రెండవ చార్లెస్ రాజు విలియం పెన్‌కు ఇచ్చిన ఈ నేలకు ‘పెన్ అడవి సీమ’ అని అర్థం. ఝార్ఖండ్ అన్నా అడవి సీమే కదా! కానీ ఆ అడవిలో అప్పటికే లెనాపే ప్రజలున్నారు. పెన్ వారితో స్నేహంగా మెలిగాడు. కొడుకులు అలా చేయలేదు. ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత నేల తమదని పాత పత్రం చూపి, 1737లో పరుగెత్తేవారిని కూలికి పెట్టారు! లెనాపేలు తమ నేల పోగొట్టుకున్నారు.

ఇక్కడ బిర్సా ముండా తిరుగుబాటు తరువాత, అదే 1908లో, ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చి ఆదివాసుల భూమి చేతులు మారకుండా ఆంక్షలు పెట్టింది. కర్మాగారానికి కావలసిన నేలను మాత్రం 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు.