బొమ్మచేపకు ప్లాస్టిక్ ఒళ్లు

చెక్కతో చేసిన బొమ్మచేపకు అసలు శత్రువు నీళ్లే. రంగు మీద సన్నని గీత పడినా, కొక్కెం బిగించిన చోట పూత కాస్త లేచినా చాలు, తడి లోపలికి దిగుతుంది. చెక్క ఉబ్బి పూత పగులుతుంది. నిన్నటిదాకా ఒయ్యారంగా ఈదింది కాస్తా ఓ పక్కకు ఒరిగిపోతుంది. గాలానికి నిజమైన ఎర బదులు బొమ్మ కట్టి చేపను బురిడీ కొట్టించేవాళ్లు చెక్కను వదలడానికి ఒక కారణం ఈ తడి బెడద.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, డోవాజియాక్ ఊళ్లో జేమ్స్ హెడన్ అనే తేనెటీగల పెంపకందారు ఉండేవాడు. ఊసుపోక చెక్కిన పుల్లను ఆయన నీళ్లలోకి విసిరితే బాస్ చేప ఎగిరి పట్టుకుందని చెబుతారు. అది నిజమో కాదోగానీ, 19వ శతాబ్దం చివర ఆయన కర్రతో కప్పలు చెక్కిన మాట నిజం. ఆయన కుటుంబం నడిపిన కంపెనీయే 1930ల్లో సెల్యులోజ్ ప్లాస్టిక్ బొమ్మచేపల వైపు మళ్లి, వాటికి 'స్పూక్' అని దెయ్యం పేరు పెట్టింది.

నాకు ఇంతకంటే ముచ్చటగా అనిపించేది ఫిన్లాండ్ కథ. లౌరీ రాపాలా పేద జాలరి. 1936లో చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో బెండు చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, చాక్లెట్ల వెండిరేకు చుట్టాడు. వార్నిష్ కొనే స్తోమత లేక పాత ఫొటో నెగటివ్‌లు కరిగించి పూశాడు. అంటే సింథటిక్ సరుకు ఆ బొమ్మకు ముందు చర్మంగా వచ్చిందన్నమాట! లోపల బెండు, పైన ఫిల్మ్.

మెత్తటి ప్లాస్టిక్ ఎరలు వంటింట్లో పుట్టాయి. ఒహాయో రాష్ట్రం, ఏక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా 1949 ప్రాంతంలో పొయ్యి మీద వినైల్ కాచి వానపాముల అచ్చులో పోశారు. మన ఊళ్లలో తేమ మట్టి తవ్వితే ఊరికే దొరికే వానపామును అక్కడ ప్లాస్టిక్‌లో పోతపోసి పోస్టులో అమ్మారు, జనం ఎగబడి కొన్నారు.

ఇప్పుడు ఇంట్లో గట్టి బొమ్మచేపలు చేసుకునేవారికి రెండు దారులున్నాయి. ఒకటి పీవీసీ ఫోమ్ బోర్డు. మన దగ్గర వంటింటి అల్మారాలకు వాడే రకం. కత్తికి తేలిగ్గా తెగుతుంది, నీళ్లు పీల్చదు, చెక్కలా పోగు అడ్డురాదు. రుద్దేటప్పుడు రేగే పొడి మాత్రం ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు ఉండాల్సిందే. రెండోది పాలీయురథేన్ రెజిన్. రెండు ద్రవాలు కలిపి సిలికోన్ అచ్చులో పోస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది. ఒట్టి రెజిన్ మునుగుతుంది కాబట్టి, కంటికి ఆనని బోలు గాజు గోళీల పొడి కలిపి తేలేలా చేస్తారు. ఎంత పొడి, కడుపులో ఎంత బరువు అన్నది ఒకసారి కుదిరితే చాలు, వందో బొమ్మ కూడా మొదటిదానిలాగే ఈదుతుంది. చెక్కలో అది కుదరదు. ఒకే దుంగలో రెండు ముక్కల బరువు ఒకటిగా ఉండదు. తమాషా ఏమిటంటే, ఆ సిలికోన్ అచ్చు తీయడానికి కావలసిన మొదటి బొమ్మను చాలామంది ఇప్పటికీ చెక్కతోనే చెక్కుకుంటారు.

మెత్తటి ఎరలు పోసేవాళ్లది వేరే తంటా. ప్లాస్టిసాల్ అనే పాలలాంటి ద్రవం దాదాపు 175 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తేటపడుతుంది. మరీ మాడితే గోధుమరంగుకు తిరిగి, ఘాటైన ఆమ్లపు పొగ వదులుతుంది. దీన్ని వంటగిన్నెలో కాచకూడదు, కిటికీలు మూసిన గదిలో అసలే కూడదు. తెగి నీళ్లలో పడిపోయిన ముక్క కుళ్లదు, ఏ చేపో మింగితే అరగదు. ఈ లెక్కలో చెక్కే నయమని నా అభిప్రాయం.

పైగా ఈ మెత్తటి పురుగులను గట్టి ప్లాస్టిక్ బొమ్మల పక్కన పెట్టెలో వదిలేస్తే, మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం బయటికి ఊరి, పక్కవాటి రంగును జిగురు చేసి, పెట్టె అడుగును కూడా కరిగించేది. దాంతో పెట్టెలు చేసే కంపెనీలు పురుగులకు కరగని ప్లాస్టిక్ కోసం విడిగా వెతుక్కోవాల్సి వచ్చింది.