అసలు ఒకచోట, నకలు వేరొకచోట: కడప కైఫీయత్తుల పరిరక్షణ

హోస్టింగ్ సంస్థ అజాగ్రత్త ఎంతటి నష్టానికి దారితీస్తుందో 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ ఉదంతం నిరూపించింది. కంట్రోల్ ప్యానెల్‌లోకి చొరబడిన హ్యాకర్ ఖాతాదారుల సమాచారాన్ని, దాని బ్యాకప్‌లను చాలావరకు తుడిచివేశాడు. సంస్థ మూతపడింది. అసలు, నకలు ఒకే తాళం కింద ఉండటమే ఈ వినాశనానికి మూలం.

రాయలసీమ చరిత్ర ఆధారాలు ఇటువంటి ప్రమాదాన్ని రెండు శతాబ్దాల క్రితమే ఎదుర్కొన్నాయి. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక, కాలిన్ మెకంజీ సహాయకులు నేటి కడప, కర్నూలు జిల్లాల గ్రామాల కైఫీయత్తులను సేకరించారు. కరణాల దండకవిలెలలోని చెరువులు, ఆలయాలు, ఇనాములు, పాలెగాళ్ల వృత్తాంతాలు వాటిలోకి చేరాయి. 1821లో మెకంజీ మరణించాక కంపెనీ ఆ సేకరణను కొన్నది. అది కలకత్తా, మద్రాసు, లండన్‌లకు చెదిరిపోయింది. మద్రాసులోని కాగితాలు శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. లోకల్ రికార్డ్స్‌గా ప్రసిద్ధమైన ఆ సంపుటాలే నేటి పరిశోధకులకు ప్రధానాధారం. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చువేయడంతో వాటి ప్రతులు అనేక గ్రంథాలయాలకు చేరాయి.

అయితే నకలు ఉన్నంత మాత్రాన రక్షణ కలగదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదలు కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. అటువంటి వేళ ఒకే భవనంలోని రెండు ప్రతులు ఒక ప్రతితో సమానం. ఒకే పాస్‌వర్డ్‌కు లోబడిన రెండు ప్రతుల స్థితీ అంతే. కనుక డిజిటలీకరణ చేపట్టే విశ్వవిద్యాలయాలు ప్రతుల సంఖ్యతో తృప్తిపడక, వాటిని వేర్వేరు చోట్ల, వేర్వేరు సంరక్షకుల అధీనంలో ఉంచడం అవసరం.