నైజర్ డెల్టా: రెండు నూనెల చరిత్ర

పెట్రోలియం బయటపడక ముందే నైజీరియాలోని నైజర్ డెల్టాకు నూనె సీమ అన్న పేరుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పాయల మీదుగా బ్రిటన్ చేరిన పామాయిల్ అక్కడి సబ్బులకూ కొవ్వొత్తులకూ యంత్రాల కందెనకూ ఆధారమైంది. 1885లో ఆంగ్లేయులు ఆ తీరాన్ని తమ రక్షణ కిందకు తెచ్చుకుని ‘ఆయిల్ రివర్స్’ అనే పిలిచారు. ఆ నూనె చెట్టున కాసేది.

రెండో నూనె 1956లో ఒలోయిబిరి పల్లెలో నేల అడుగున దొరికింది. 1958లో ఎగుమతి మొదలైంది. ముడిచమురుతో పాటు పైకొచ్చే వాయువును పట్టి వాడుకోవడం ఖర్చని బావుల దగ్గరే తగలబెట్టారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండితేనే మన కోనసీమ తల్లడిల్లింది. నైజర్ డెల్టా పల్లెలు తరాల తరబడి ఆ మంటల పక్కనే బతికాయి. ఆడవాళ్లు కర్రపెండలం పిండిని ఆ వేడికే ఆరబెట్టుకున్నారు, ఆ పొగే పీల్చారు. అనుమతి లేని మంటలను 1984 నుంచి నిషేధిస్తూ చట్టమైతే వచ్చింది, మంటలు మాత్రం ఆరలేదు. తుప్పుపట్టిన గొట్టాల నుంచి, ఆ తర్వాత దొంగలు వేసిన కన్నాల నుంచి కారిన చమురు మడచెట్ల వేళ్లకు పట్టింది. మడచెట్టు గాలి పీల్చేది ఆ వేళ్లతోనే. అవి మూసుకుపోయాక చెట్టూ పోయింది, దాని నీడన పెరిగే పీతలూ గుల్లలూ చేపపిల్లలూ పోయాయి.

ఈ నష్టాన్ని ముందుగా గుర్తించింది శాస్త్రవేత్తలు కాదు, వల వేసినవాళ్లు. వాళ్ల మాటకు రచయిత కెన్ సరో-వివా గొంతిచ్చాడు. 1990లో డెల్టాలోని అతని జాతివారు ఒగోనీలు తమ హక్కుల పత్రాన్ని ప్రకటించారు. 1993 జనవరి 4న సుమారు మూడు లక్షల మంది శాంతియుతంగా కదిలారు. సుమారు ఐదు లక్షల మంది ఉన్న జాతికి అది ఎంత పెద్ద కదలికో ఊహించుకోవచ్చు. ఆ ఏడే చమురు కంపెనీ షెల్ ఒగోనీ నేలను వదిలింది. 1995 నవంబరు 10న నైజీరియా సైనిక ప్రభుత్వం సరో-వివాతో పాటు మరో ఎనిమిది మందిని ఉరితీసింది.

జాలర్లు చెప్పినదానికి శాస్త్రం 2011లో సాక్ష్యం పలికింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోనీ నేలలో రెండు వందలకు పైగా చోట్ల మట్టినీ నీటినీ పరీక్షించింది. ఒగాలే అనే ఊళ్లో భూగర్భజలం మీద 8 సెంటీమీటర్ల మందాన చమురు తేలుతూ కనిపించింది. జనం తాగే బావుల్లో, రక్త క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లు మించి బయటపడింది. ఆ నేల కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని ఐరాస సంస్థ తేల్చింది.

తర్వాత కోర్టులూ కదిలాయి. 2021లో హేగ్ అప్పీలు కోర్టు రెండు పల్లెల్లోని లీకులకు షెల్ నైజీరియా సంస్థనే బాధ్యురాలిని చేసింది. 2025 జూన్‌లో నైజీరియా అధ్యక్షుడు ఉరికంబమెక్కిన తొమ్మిది మందికీ క్షమాభిక్ష ప్రకటించాడు. క్షమించడానికి వాళ్లు చేసిన నేరమేదీ లేదు. వాళ్లు అడిగిన నేల శుద్ధి 2016లో మొదలై, ఇంకా సాగుతూనే ఉంది.